నిలవని కుర్రాళ్ళు, చూపించని లెక్కలు

ఒడిశాలోని మా బరంపురంలో నలుగురు షాపువాళ్ళు టీకొట్టు దగ్గర చేరితే మాటలు కరెంటు కోతతో మొదలై, జీఎస్టీ మీదుగా వచ్చి కుర్రాళ్ళ దగ్గర ఆగుతాయి. "ఈకాలం పిల్లలు పనికి నిలవరండీ" అని ఒకరంటారు. మిగతావాళ్ళు తలూపుతారు. పట్టుచీరల కొట్టు, మిఠాయి దుకాణం, లేతు షాపు, ఫోటో స్టూడియో, ఎవరిదైనా ఇదే గోడు. అటు పర్లాకిమిడి, గునుపురం, రాయగడ దాకా ఏ తెలుగువాళ్ళ దుకాణంలో కూర్చున్నా ఇదే వింటాను. నాది మోటారు వైండింగు షాపు, అంటే కాలిన మోటార్లలో రాగి తీగ మళ్ళీ చుట్టే పని. కాలిపోయిన ఫ్యాన్లు, బోరు మోటార్లు, మిక్సీలు, పిండిమర మోటార్లతో మా బతుకు. కుర్రాళ్ళు చెప్పాపెట్టకుండా మానేస్తే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ మాటకు నేను తలూపను.

నిలవట్లేదన్నది నిజమే. ఒళ్ళు వంగక నిలవట్లేదన్నది మాత్రం మనం మన సుఖం కోసం చెప్పుకునే కబురు. పనివాణ్ణి మనం ఇన్నాళ్ళూ ఆపింది దాపరికంతో. జీతం లెక్క తేల్చకుండా ఉంచడం, విద్య దాచడం, ఇవ్వాల్సింది పండగదాకా తొక్కిపెట్టడం, వీటన్నిటి మీద ఊరివాడు, చుట్టాలబ్బాయి అనే మొహమాటం. ఈ పద్ధతికి మనం పెట్టుకున్న పేరు నమ్మకం. ఇవాళ ఇరవై ఏళ్ళ కుర్రాడి దగ్గర ఇందులో ఒక్కటీ చెల్లదు. అన్నీ ఎదురుగా పెట్టి పనిచేయించుకోవడం మనకింకా చేతకాలేదు. కష్టమంతా అక్కడే ఉంది.

మా మేస్త్రీ పని నేర్చుకున్న రోజుల సంగతులు ఆయన నోటే వినాలి. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి గురువుగారి ఇంట్లోనే ఉండి నేర్చుకున్నాడు. ఊడ్చడం, టీ తేవడం, గురువుగారి పిల్లల్ని బడికి దింపడం మొదటి చదువు. తర్వాత కాలిపోయిన స్టేటర్లలోంచి, అంటే మోటారులో తిరగకుండా ఉండే, తీగ చుట్టిన భాగాల్లోంచి, పాత రాగి కోసి లాగడం, తీగ కూర్చునే స్లాట్లు గీకడం. తీగ ముట్టుకోనిచ్చింది చాలా కాలానికి. అప్పుడు కూడా అసలు విద్య చేతికి రాలేదు, ఎందుకంటే అది నోటు పుస్తకంలో ఉండేది. ఏ కంపెనీ ఫ్యానుకు రన్నింగు కాయిల్స్ ఎన్ని, స్టార్టింగు కాయిల్స్ ఎన్ని, ఒక్కోదానికి చుట్లెన్ని, తీగ మందం 36 గేజా 37 గేజా, ఇవన్నీ గురువుగారు రాసిపెట్టుకుని గల్లాపెట్టెలో తాళం వేసేవారట. మోటారు విప్పేటప్పుడు శిష్యుణ్ణి ఏదో వంకతో బయటకు పంపి చుట్లు లెక్కపెట్టుకునేవారట. జీతమంటూ ఉండేది కాదు. అడిగినప్పుడు అయిదో పదో, దసరాకి బట్టలు, ఇంట్లో పెళ్ళయితే అడ్వాన్సు. ఆ అడ్వాన్సు తీరేది కాదు. తీరనంతకాలం మనిషి కదలడు. మా మేస్త్రీ ఇదంతా గర్వంగా చెబుతాడు. "అలాగ నేర్సుకున్నాం కాబట్టే సెయ్యి నిలబడింది బాబూ" అంటాడు. ఆయన చెయ్యి మీద నాకు అనుమానం లేదు. అది నిలబడింది ఆ పద్ధతివల్లేనా అంటే ఒప్పుకోలేను. ఆ పద్ధతిలో సగంలో పారిపోయినవాళ్ళ చేతుల సంగతి ఆయన లెక్కలో లేదు కదా.

ఇప్పుడా నోటు పుస్తకం యూట్యూబులో ఉంది, అదీ హిందీలో, బొమ్మలు గీసి మరీ. ఒడియా మీడియంలో చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే మా కుర్రాడు, కాన్పూరో ఇండోరో తెలియని ఎవరో మెకానిక్కు దగ్గర కనెక్షన్ డయాగ్రాము నేర్చుకుని వస్తున్నాడు. దాచుకుని బేరమాడే విద్య మా దగ్గరింక లేదు. మిగిలింది చేతి పనితనం. దాన్ని ఫోను నేర్పలేదు. స్లాటులో ఇన్సులేషన్ కాగితం ఎంత బయటికి ఉంచాలో, తీగ తోస్తుంటే దాని మీది ఎనామిల్ పూత గీసుకుందని వేలికి ఎలా తెలుస్తుందో, వార్నిషు పోశాక ఎండిందో లేదో వాసన బట్టి ఎలా చెప్పాలో పక్కన కూర్చుంటేనే వస్తుంది. కుర్రాణ్ణి మన దగ్గర ఉంచగలిగేది ఇదొక్కటే. దీన్ని కూడా "చూద్దాంలే, ముందు ఊడ్వు" అని వాయిదా వేస్తే వాడెందుకుండాలి?

ఇక జీతం మాట. మా గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్ళడం ఇవాళ్టిది కాదు, తరాల నాటిది. అక్కడ పన్నెండు గంటల షిఫ్టు ఉంటుందని, మగ్గాల హోరుకు చెవులు పోతాయని, ఒకే గదిలో పగటి షిఫ్టు వాళ్ళు లేస్తే రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకుంటారని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. 2020లో లాక్‌డౌన్ దెబ్బకు వాళ్ళంతా ఎలా ఇళ్ళకు చేరారో కూడా చూశారు. అయినా వెళుతున్నారు. ఎందుకురా అని ఒక కుర్రాణ్ణి అడిగాను. "అక్కడ ఎన్ని మీటర్లు నేస్తే ఎంతో ముందే తెలుస్తాదన్నా. ఇక్కడ నా జీతమేటో మా నాన్ననడిగి తెల్సుకోవాలి" అన్నాడు. వాడు అప్పుడు పనిచేస్తున్న కొట్టు యజమాని జీతం వాడి చేతికివ్వకుండా తండ్రికిచ్చేవాడు, పాత స్నేహం మీద. ఇద్దరు పెద్దమనుషుల మధ్య మర్యాదగా నడిచిన వ్యవహారమే. మధ్యలో ఒళ్ళు వంచినవాడికి మాత్రం అందులో చోటు లేదు.

ఇంటింటికీ తిండి చేరవేసే యాప్ పని కూడా అలాంటిదే. ఎండలో వానలో బండి మీద తిరగాలి, పెట్రోలు తనదే, దెబ్బ తగిలితే అడిగే దిక్కుండదు. మా షాపులో నీడపట్టున కూర్చునే పని వదిలి దానికి ఎలా పోతారని తోటి షాపువాళ్ళు ఆశ్చర్యపోతారు. స్వేచ్ఛ అంటారు, బండి మోజు అంటారు. నేను గమనించింది వేరు. ఆ కుర్రాడు రాత్రి ఇంటికెళ్ళేసరికి ఫోనులో ఆ రోజు లెక్క ఉంటుంది. ఎన్ని ఆర్డర్లు, ఎంత డబ్బు, ఎందులో ఎంత కోత. ఆ లెక్క న్యాయమైనదా అన్నది వేరే రచ్చ, చాలాసార్లు కాదు కూడా. కానీ కంటికి కనబడుతుంది. పైగా ఆ యాప్ నలుగురి ముందు "ఒరేయ్" అనదు. మన ఊళ్ళో యజమానులు ఈ చివరి సంగతిని చాలా తేలిగ్గా తీసుకుంటారు. కస్టమరు ముందు తిట్టడం ఒకప్పుడు కస్టమరుకు చేసే మర్యాద. ఇప్పుడలా తిడితే కుర్రాడు సాయంత్రం ఏమీ అనడు, మర్నాడు రాడు. వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజి వస్తుంది, అదీ మన అదృష్టం బాగుంటే.

యజమాని వైపు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త ఉపన్యాసం. 2024లో ఒడిశా ప్రభుత్వం కనీస కూలి పెంచింది: నైపుణ్యం లేని పనికి రోజుకు 450, నైపుణ్యం ఉన్న పనికి 550. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే చెయ్యి తిరిగిన కుర్రాడికి 14,300 రూపాయలు. మామూలు కొత్త ఫ్యాను పదిహేనువందల చిల్లరకు దొరుకుతుంటే, పాత ఫ్యాను వైండింగుకు జనం ఎంతిస్తారు? రాగి ధర మన చేతిలో లేదు. వేసవి నాలుగు నెలలు ఊపిరాడనంత పని, వానల్లో బోరు మోటార్లు మూలపడితే ఈగలు తోలుకోవాలి. పెద్ద కంపెనీలకున్న హెచ్ఆర్ విభాగం మాకు లేదు. యజమాని, గుమాస్తా, హెచ్ఆర్, కొరియరు, అన్నీ నేనే. ఇంత ఇరుకులో కుర్రాడు చెప్పకుండా మానేస్తే నష్టం నిజంగా గట్టిగా తగులుతుంది. బోరులోంచి మోటారు లాగడానికి రైతు నలుగురు కూలీలను, గొలుసు కప్పీని మాట్లాడుకుంటాడు. మనం శుక్రవారం ఇస్తామన్నది ఇవ్వకపోతే వాడి చేను ఎండుతుంది. వార్నిషు ఆరకుండా, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గరు పెట్టి చూడకుండా తొందరపడి ఇచ్చేస్తే మళ్ళీ కాలుతుంది, మళ్ళీ లాగుడు కూలి వాడి నెత్తినే. కాబట్టి కుర్రాళ్ళతో మెత్తగా ఉండు అన్నవాళ్ళ మాట నేను సగమే వింటాను. మాటతీరు మెత్తగా ఉండొచ్చు. మెగ్గరు దగ్గర మెత్తదనం కుదరదు.

ఫోను గొడవ కూడా నేనిలాగే తేల్చుకున్నాను. "పనిలో ఫోను ముట్టుకోవద్దు" అని బోర్డు పెట్టిన షాపుల్లో అందరూ బాత్రూముకని వెళ్ళి చూసుకుంటారు. మా పనిలో ఫోను నిజంగా చెరుపు చేసేది ఒక్క చోట, కాయిల్ చుట్టేటప్పుడు. రెండొందల చుట్ల కాయిల్లో నూట ఎనభై దగ్గర మెసేజి మోగి లెక్క తప్పితే తీగంతా విప్పాలి, లేదా అందాజుగా కానిచ్చేయాలి. అందాజుగా కానిచ్చిన కాయిల్ నెలలోపు తిరిగొస్తుంది. అందుకని చుట్టుడు బల్ల దగ్గర కూర్చున్నవాడి ఫోను సొరుగులో ఉంటుంది, నేను కూర్చుంటే నాదీ అదే సొరుగులో. మిగతా చోట్ల పట్టించుకోను. ఇందులో ఏ కుర్రాడూ నాతో వాదించలేదు. కారణం కళ్ళెదుట ఉన్న నిబంధనను ఈ పిల్లలు మనకంటే గట్టిగా పాటిస్తారు. కారణం "నేను చెప్పాను కాబట్టి" అయితే మాత్రం ఎంత చిన్నదైనా పాటించరు. మా తరం రెండోరకం నిబంధనలమీదే పెరిగింది, అదే క్రమశిక్షణ అనుకుంటుంది.

అన్నిటికంటే చిక్కు బీఎల్‌డీసీ ఫ్యాన్లతో, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో తిరిగే కొత్తరకం ఫ్యాన్లతో వచ్చింది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు కరెంటు ఆదా చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక వీటి జోరు పెరిగింది. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే ఇది ముప్ఫై చిల్లరతో తిరుగుతుంది. మంచిదే. కానీ ఇది చెడిపోతే ఎక్కువసార్లు పోయేది లోపలి సర్క్యూటు బోర్డు. అక్కడ మా మేస్త్రీ నలభై ఏళ్ళ అనుభవం పనిచెయ్యదు. ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడు మల్టీమీటరు పెట్టి, భూతద్దంలో చూసి, "ఈ మాస్‌ఫెట్ పోయిందన్నా" అని బోర్డులో పాడైన చిన్న భాగాన్ని పావుగంటలో తేలుస్తాడు. మేస్త్రీ పక్కనుంచి చూస్తుంటాడు. ఆ చూపులో అసూయ కంటే ఇంకేదో ఎక్కువ ఉంటుంది. నిన్నటిదాకా తనకు టీ తెచ్చినవాడి దగ్గర తాను అడిగి తెలుసుకోవాలి. ఆ కుర్రాడికీ ఇబ్బందే. తెలిసినట్టు మాట్లాడితే పొగరంటారు, మాట్లాడకపోతే ఫ్యాను బాగవ్వదు.

తరాల మధ్య గొడవ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా యజమానికీ కుర్రాడికీ మధ్య ఉన్నదే రాస్తారు. చిన్న షాపులో అసలు రాపిడి ముసలి పనివాడికీ పడుచు పనివాడికీ మధ్య. యజమాని చెయ్యగలిగిన పెద్ద పని అక్కడే ఉంది. మేం బల్లలు విడదీశాం. బోర్డు పని కుర్రాడిది, ఆ బల్ల మీద వాడి మాటే చెల్లుతుంది, నేను కూడా వాణ్ణి అడిగే కస్టమరుకు ధర చెబుతాను. వైండింగు బల్ల మేస్త్రీది, అక్కడ కుర్రాడు శిష్యుడే. ముందు మేస్త్రీ ఒప్పుకోలేదు. "నాకంటే పిల్లోడికి పెద్దరికమా?" అని రెండు పూటలు మాట్లాడలేదు. ఆయన్ను మెత్తబరిచింది నా వాదన కాదు. ఒకరోజు వాళ్ళింటి ఫ్యానే చెడిపోయి, కుర్రాడు వెళ్ళి బాగుచేసి, డబ్బు తీసుకోకుండా "కాయిల్స్‌ను దారంతో బిగించే లేసింగు కట్టడం నేర్పండి చాలు" అని వచ్చాడు. ఇలాంటి తెలివి నేను నేర్పింది కాదు, వాడి దగ్గర ఉన్నదే. ఈకాలం పిల్లలకు పెద్దాచిన్నా లేదనేవాళ్ళు ఇలాంటివి చూసి ఉండరు.

సెలవుల విషయంలో మా ఊరికి ప్రత్యేకమైన తంటా ఒకటుంది. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది. అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్ళు తెలుగు మాట్లాడే నేతపనివాళ్ళే కాబట్టి మాకు ఇది ఊరి పండగ, ఇంటి పండగ కూడా. మొక్కుకున్న కుర్రాళ్ళు పులివేషాలు కడతారు. ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, డప్పులు, రాత్రంతా తిరుగుడు. సరిగ్గా అదే సమయానికి ఎండలు ముదిరి ఊళ్ళో ఫ్యాన్లన్నీ మా షాపుకొస్తాయి. పాతకాలం యజమాని "యాత్రకెళ్తే మరి రాకు" అనేవాడు, కుర్రాడు తాత చచ్చిపోయాడని చెప్పి వెళ్ళేవాడు. ఒక్కో యాత్రకు ఒక్కో తాత. మేమిప్పుడు యాత్ర ముహూర్తం తెలియగానే క్యాలెండరు బల్ల మీద పెట్టి కూర్చుంటాం. ఎవరికి ఏ రాత్రి వేషం, ఎవరు ఏ మధ్యాహ్నం రాగలరు, వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు. నేను చెప్పేది ఒక్కటే, ఏ పూటా బల్లలు రెండూ ఖాళీగా ఉండకూడదు. పోయిన యాత్రలో ఒక కుర్రాడు చెవుల వెనక పసుపు రంగు పూర్తిగా వదలకుండానే వచ్చి మిక్సీ మోటారు విప్పాడు. నిద్రలేదు కదాని వాడికి కరెంటు పరీక్ష పని ఇవ్వలేదు, విప్పుడు పనే ఇచ్చాను. వచ్చిన కస్టమరు పులిని చూసి నవ్వుకుని, పని బాగుందని ఇంకో ఫ్యాను తెచ్చిచ్చాడు.

"మనుషులు మారిపోయారు, ఫైలిన్ రోజుల్లో ఎలా చేశారో!" అని మేస్త్రీ ఇప్పటికీ అంటాడు. 2013 అక్టోబరు 12న ఆ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. జిల్లాలో కరెంటు స్తంభాలు కూలిపోయి, నీళ్ళలో నానిన మోటార్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. అప్పటి పనివాళ్ళు ఇళ్ళకు సరిగ్గా వెళ్ళకుండా పనిచేశారు, నిజమే. ఇప్పటివాళ్ళు చెయ్యరా అంటే చేస్తారు. కాకపోతే అదనపు గంటకు ఎంతిస్తారని ముందు అడుగుతారు. ఆ ప్రశ్నను స్వార్థమని అనేవాళ్ళు, అదే తుఫాను తర్వాత తాము ఎంత సంపాదించారో కూడా చెబితే బాగుంటుంది.

కార్మికులకూ యజమానులకూ మధ్య తగువు వస్తే ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రభుత్వమో ట్రిబ్యునలో తీర్పు రుద్దడం చివరి దారి కావాలి అని జీవితమంతా వాదించిన మనిషి పుట్టింది ఈ బరంపురంలోనే, 1894లో. వి.వి. గిరి రాష్ట్రపతి అయ్యాడన్నది అందరికీ గుర్తుంది. అంతకుముందు ఆయన రైల్వే కార్మికుల నాయకుడు, 1952 నుంచి కేంద్ర కార్మిక మంత్రి, 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డు (జీతాల తగువులో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పు) విషయంలో ప్రభుత్వంతో పడక ఆ పదవి వదులుకున్నాడు. మా వర్తకుల సభల్లో ఆయన పేరు వస్తే మన ఊరివాడని చప్పట్లు కొడతాం. ఆయన చెప్పిన ఆ ఎదురెదురు కూర్చోవడం మాత్రం మన కొట్లో జరగదు. నలుగురు పనివాళ్ళున్న చోట యూనియను ఉండదు, ట్రిబ్యునలు రాదు, మాట్లాడుకోవడం తప్ప వేరే దారే లేదు. అదొక్కటే మనం చెయ్యనిది.

నేను అడిగేది పెద్దదేం కాదు. పనిలో చేరే రోజు ఒక కాగితం: జీతమెంత, ఎన్నో తారీఖున, ఏ గంట నుంచి ఏ గంట దాకా, వారంలో ఏ రోజు సెలవు, ఏ నెలకు ఏ పని నేర్పుతాం, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో పనివాళ్ళకు నియామక పత్రం తప్పనిసరి అని ప్రభుత్వం ప్రకటించింది. మా చిన్న కొట్లకు ఎవరో వచ్చి తనిఖీ చేస్తారని కాదు, ఆ కాగితం ఎక్కువగా పనికొచ్చేది యజమానికే కాబట్టి రాయమంటున్నాను. ముందు చెప్పి మానేసినవాడికి ఆఖరి జీతం ఆ రోజే చేతిలో పెడితే, మిగిలినవాళ్ళు కూడా చెప్పే మానేస్తారు. జీతం బిగబట్టేచోట అందరూ పారిపోయే మానేస్తారు.

మంచి కుర్రాడు రెండు మూడేళ్ళలో వెళ్ళిపోతాడని ముందే లెక్కలో వేసుకోవాలి. విశాఖ వెళతాడు, హైదరాబాదు వెళతాడు, లేదా మన వీధిలోనే ఎదురుగా షాపు పెడతాడు. ఎదురుగా పెట్టినవాణ్ణి ద్రోహి అనడం మన వీధుల్లో ఆనవాయితీ. మా దగ్గర నేర్చుకుని కోడాసింగి వైపు షాపు పెట్టుకున్న కుర్రాడికి మొదటి వేసవిలో తీగ మా ఖాతా మీదే అరువిప్పించాను. వాడి దగ్గర లేని బేరింగు నా దగ్గర, నాకు రాని బోర్డు వాడి దగ్గర. మా షాపులో కొత్తగా చేరేవాళ్ళు వాణ్ణి చూసే చేరుతున్నారు. ఇక్కడ నేర్చుకుంటే ఎక్కడికి చేరొచ్చో వాళ్ళకు కనబడుతోంది.

కుర్రాళ్ళు దొరకట్లేదని ఏడ్చే మా సభలో ఒక్కరూ ఎత్తని మాట ఇంకోటుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివే అమ్మాయిలు ఇప్పుడు అరుదేం కాదు. సన్నని తీగతో చుట్టే పనికి, బోర్డు మీద టంకం పెట్టే పనికి మీసం అక్కర్లేదు. పోయినేడు ఒకమ్మాయి తండ్రితో వచ్చి మా షాపంతా చూసింది. జీతం అడిగింది, పని అడిగింది, అన్నీ నచ్చాయి. చివర్న బాత్రూమెక్కడుందండీ అంది. మా వరసలో ఉన్న ఎనిమిది షాపులకూ కలిపి వెనక సందులో ఒకటుంది, తలుపు సరిగ్గా పడదు. తండ్రీకూతుళ్ళు మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆ సందులో కొత్త తలుపు, నీళ్ళ కనెక్షను, లోపల గొళ్ళెం పెట్టించడానికి తలా ఇంత వేసుకుందామని మిగతా ఏడుగురినీ అడుగుతున్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ముగ్గురు మునిసిపాలిటీ పని కదా అంటున్నారు, మిగిలిన ఇద్దరూ "ముందు కుర్రాళ్ళ సంగతి చూడండి సార్" అంటున్నారు.